ఇంజినీరింగ్ పిల్లల్ని ఫ్యాక్టరీ ఉద్యోగాలకు రప్పించే వీడియోలో ఏం చూపించాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది: మీది ఒడిశాలోని రాయగడ దగ్గర మధ్యతరహా ఫ్యాక్టరీ. గుణుపూర్, బరంపురం, విజయనగరం కాలేజీలకు వెళ్తే మెకానికల్, ఎలక్ట్రికల్ పిల్లలు కూడా ఐటీ ఆఫర్ల వైపే చూస్తున్నారు. క్యాంపస్‌లో వేయడానికి చిన్న వీడియో చేయించమని యాజమాన్యం అంది. భువనేశ్వర్ ఏజెన్సీ ఇచ్చిన కొటేషన్ చూసి మీకు కళ్లు తిరిగాయి. నేను ఇదే జిల్లాలో ఒక ప్లాంటులో హెచ్ఆర్‌లో పనిచేస్తూ ఇలాంటి వీడియోలు చేయించాను. కొన్ని ఫోన్‌తోనే తీశాం.

ఏజెన్సీని పెట్టుకున్నా మానినా, గేటు మీద ఎగిరే డ్రోన్, ఛైర్మన్ గారి సందేశం, ఏడాదికి ఎన్ని టన్నులో చెప్పే గ్రాఫులు ఈ వీడియోకి వద్దు. అవి కస్టమర్ల కోసం. ఛైర్మన్ గారు నొచ్చుకుంటారనుకుంటే ఆయనది వేరే వీడియోగా తీసి వెబ్‌సైట్‌లో పెట్టండి, గొడవ ఉండదు. డ్రోన్ తప్పదంటే మాత్రం పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని పిలిచి ఎగరేయించకండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపార అవసరానికి ఎగరేసేవాళ్లకు పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మీ చోట డ్రోన్ ఎగరేయడానికి అనుమతి కావాలో వద్దో, అంటే అది ఏ జోన్‌లో ఉందో, ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో చూసుకోవాలి.

ఫైనలియర్ కుర్రాడికి కావలసింది చాలా చిన్న సమాచారం. ఎక్కడ పడుకుంటాను, ఎవరి కింద పనిచేస్తాను, ట్రైనీగా మొదటి ఆరు నెలలు ఏం చేయిస్తారు, పీఎఫ్, మెస్ బిల్లు పోగా చేతికి ఎంత వస్తుంది, ఇన్నేళ్లు మానకూడదన్న బాండ్ ఉందా. ఇంకో సంగతి, మన వైపు ఆఫర్ లెటర్ మీద నిర్ణయం కుర్రాడొక్కడే తీసుకోడు. సాయంత్రం ఆ వీడియో ఇంట్లో నాన్న చేతిలోకి వెళ్తుంది. ఆయన అడిగేవి వేరు: విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రైలు ఉంది సరే, రాయగడ స్టేషన్‌లో దిగాక ప్లాంటుకి ఎలా వెళ్తారు? జ్వరం వస్తే డాక్టరెవరు? అమ్మాయైతే హాస్టల్‌కి వార్డెన్ ఉందా? ఈ ప్రశ్నలకు జవాబివ్వని వీడియో ఎంత అందంగా ఉన్నా, మా అనుభవంలో పెద్దగా పనిచేయలేదు.

అందుకే మనిషిని వెతకండి. నిరుడు చేరిన ట్రైనీల్లో ఒకరు, వీలైతే మీరు వెళ్లబోయే కాలేజీలోనే చదివినవాళ్లు. స్క్రిప్ట్ రాసి ఇస్తే వాళ్లు అప్పజెబుతారు, అది మొహం మీదే తెలిసిపోతుంది. కెమెరా పక్కన తోటి ట్రైనీని కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగించండి. మేనేజర్ అక్కడ ఉండకూడదు, మీరు కూడా. "మొదటి వారం ఏది కష్టంగా అనిపించింది?" అన్న ప్రశ్న తప్పకుండా ఉండాలి. ఒకమ్మాయి మాకు చెప్పిన జవాబు, "ఎండలో హెల్మెట్, షూస్ వేసుకుని నిలబడటం". పైవాళ్లు దాన్ని తీసేయమన్నారు. నేను పట్టుబట్టి ఉంచాను. దుమ్ము, వేడి, నైట్ షిఫ్ట్ వీడియోలో కనిపిస్తే కొందరు అప్లై చేయడమే మానేస్తారు, నిజమే. చేరి, ట్రైనింగ్ తీసుకుని, పండక్కి ఇంటికెళ్లి మళ్లీ రానివాళ్ల కంటే వాళ్లు నయం కదా!

మాట్లాడేవాళ్లు వాళ్ల భాషలోనే మాట్లాడాలి. గుణుపూర్, పర్లాకిమిడి క్లాసుల్లో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు, మధ్యలో హిందీ కూడా దొర్లుతుంది. డబ్బింగ్ చెప్పించకండి, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చాలు. ఎలాగూ చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు. తెలుగులో, ఒడియాలో అక్షరాలు వేస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయాయేమో చూసుకోండి. ప్రీమియర్‌లో అయితే సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ మార్చాలి.

షూటింగ్‌లో అందరికీ బొమ్మ మీదే టెన్షన్, కానీ చెడేది శబ్దం. షాప్ ఫ్లోర్‌లో ఫ్యాన్లు, కంప్రెసర్ల మధ్య ఇంటర్వ్యూ పెట్టకండి. అద్దాలు ఎత్తిన కారులోనో, సామాను నిండిన స్టోర్ రూంలోనో కూర్చోబెట్టి, కాలర్ మైక్ పెట్టి మాటలు రికార్డ్ చేయండి. తర్వాత ఆ మనిషి పనిచేస్తున్న చేతులు, ప్యానెల్ బోర్డు, డ్రాయింగ్ చూస్తూ సీనియర్‌తో వాదించడం, క్యాంటీన్ ప్లేటు, సెలవు రోజు స్నేహితులతో మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లడం విడిగా తీసి మాటల మీద అతికించండి. మిషన్ల అసలు శబ్దం రెండు మూడు సెకన్లు వదిలితే బాగుంటుంది.

ట్యూబ్‌లైట్ల కింద ఫోన్‌తో తీస్తే తెర మీద చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో షటర్ స్పీడ్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి, సెకనుకు 25 ఫ్రేముల్లో తీయండి, చారలు పోతాయి. ఫర్నేస్ లాంటి వెలుగు ఉంటే ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) లాక్ చేయాలి, లేకపోతే మనుషులు నల్లగా, మంట తెల్లగా వస్తాయి. ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. సినిమా పాట మాత్రం వద్దు, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఏదో ఒకటి తీసుకోండి.

బయటకు పంపేముందు సేఫ్టీ ఆఫీసర్‌కి చూపించండి. వెనకాల ఎవరో ఒకరు కళ్లద్దాలు లేకుండా గ్రైండింగ్ చేస్తూ కచ్చితంగా దొరుకుతారు. వీడియోలో కనిపించే ప్రతి మనిషి దగ్గరా ఒప్పుకున్నట్టు సంతకం తీసుకోండి, కాంట్రాక్టు కార్మికుల దగ్గర కూడా.

నిడివి 90 సెకన్లు. అందులో తాపీగా మాట్లాడితే 150 మాటలు పడితే గొప్ప. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఏడో సెమిస్టర్ మొదలయ్యేలోపే అందాలి, ఆ తర్వాత పంపితే ఐటీవాళ్లు వచ్చి వెళ్లిపోయి ఉంటారు. చివర్లో ఒక మొబైల్ నంబర్ వేయండి. ఆఫీసు ల్యాండ్‌లైన్ వద్దు, తల్లిదండ్రులు ఫోన్ చేసేది రాత్రి భోజనాల వేళకే. ఎత్తే మనిషికి తెలుగు, ఒడియా రెండూ వచ్చి ఉండాలి.