దేవుడి సంగతి తర్వాత, ముందు నాన్నగారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. భక్తి గల ఇంట్లో పెరిగాను. నాలుగేళ్ల కిందట నమ్మకం పోయింది. ఒకరోజు బంధువుల ముందు నాన్నగారి ప్రార్థనను 'గోడతో కబుర్లు' అని వెక్కిరించాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఈమధ్య బతుక్కి అర్థమే కనిపించడం లేదు. నాస్తికుడికి అర్థం ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ నమ్మడం మొదలుపెట్టనా?

జవాబు: వద్దు. రాని నమ్మకాన్ని నటిస్తే మీ మీద మీకే గౌరవం పోతుంది. దేవుడు లేకపోతే అర్థం ఉండదన్న బెంగా అక్కర్లేదు. సృష్టికర్త ఉన్నాడన్న వాదాన్ని ఖండించిన కుమారిల భట్టు లాంటి మీమాంసకులే (వేదవిధుల అర్థాన్ని విచారించిన ప్రాచీన తత్వవేత్తలు) కర్తవ్యం గురించి పట్టుబట్టి వాదించారు. ఆ ప్రశ్న ఇంతటితో సరి.

మీ నాలుగు పేజీల ఉత్తరంలో దేవుడు అర పేజీ. మిగతాదంతా నాన్నగారే. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ అర్థానికి మూడు దారులు చెప్పారు: చేసే పని, ప్రేమించే మనిషి, తప్పించుకోలేని బాధను మోసే తీరు. అందులో రెండోదాన్ని మీ నోటితో మీరే మూసుకున్నారు. నమ్మకపోవడం మీ హక్కు. నలుగురిలో కన్నతండ్రిని చిన్నబుచ్చడం ఏ హక్కులోకీ రాదు.

ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లండి, ప్రార్థన వేళ మాత్రం కాదు. 'ఆరోజు నలుగురిలో మిమ్మల్ని అవమానించాను, తప్పు నాది' అనండి. అక్కడ ఆగండి. ఇలాంటివి చెడేది 'కానీ' దగ్గరే. ఆ మాట రాగానే క్షమాపణ కాస్తా వాదనైపోతుంది. నమ్మనందుకు క్షమాపణ చెప్పొద్దు, అది అబద్ధం. ఆయన మాట కలిపితే, దేవుడు ఉన్నాడా అని కాకుండా, ప్రార్థనలో కూర్చుంటే ఆయనకు ఏమనిపిస్తుందో అడగండి. పది నిమిషాలు అడ్డురాకుండా వినండి.

ఇంకొకటి. నమ్మకంతో పాటు రోజుకో వేళ, పదిమంది తోడు, తప్పు చేస్తే చెప్పుకునే చోటు, చావు వచ్చినప్పుడు పలికే మాటలు కూడా పోతాయి. చాలామంది వాదన గెలిచి ఇవి పోయిన సంగతే గమనించరు, తర్వాత ఆ లోటుకి 'అర్థం లేదు' అని పేరు పెడతారు. వారానికో రోజు, ఒకే వేళకు, మనుషులు ఎదురుచూసే పని ఏదైనా పెట్టుకోండి. చదువు చెప్పడమైనా సరే, రోగుల దగ్గర కూర్చోవడమైనా సరే. ఒంటరిగా పుస్తకాలు చదవడం ఈ లెక్కలోకి రాదు.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తగ్గి దేని మీదా ఆసక్తి లేకపోతే అది తత్వచింత కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగకండి, వెంటనే సైకియాట్రిస్టును కలవండి.

నాన్నగారు మొదటిసారి పలక్కపోవచ్చు. వారం ఆగి మళ్లీ వెళ్లండి.