అటకమీద కాందిశీకులు ఉంటారా?

సందేహం: పోలండ్‌లోని మార్కోవా అనే ఊళ్లో, జర్మన్ల ఆక్రమణ కాలంలో, యూదుల్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతు కుటుంబం గురించి వ్యాసం రాశాను. ‘ఉల్మా దంపతులు తమ అటకమీద ఎనిమిదిమంది కాందిశీకులకు ఆశ్రయం కల్పించారు’ అన్నాను. ‘శరణార్థులు’ అనాలని మా తమ్ముడు అంటున్నాడు. ఏది ఒప్పు?

సమాధానం: అక్కాతమ్ముళ్లు ఒక మాట దగ్గర తగువు పడ్డారు గానీ, తేడా కొట్టింది దాని పక్క మాట దగ్గరండీ.

ముందు మీ తగువు తేల్చేస్తాను. సంస్కృతంలో ‘కాం దిశం’ అంటే ‘ఏ దిక్కుకి?’ అని. ఎటు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. 1942లో జపాన్ సైన్యాలకు భయపడి బర్మా నుంచి వచ్చేసిన మనవాళ్లకి ఆ మాట అతికినట్టు సరిపోయింది. మార్కోవాలో దాక్కున్నవాళ్లు ఏ దిక్కుకీ పరుగెత్తలేదు, కొందరు ఆ ఊరివాళ్లే, మిగతావాళ్లు పక్క పట్నంవాళ్లు. శరణార్థి అర్థానికి తప్పు కాదు గానీ, ఇప్పుడు ఆ మాట వింటే సరిహద్దూ, శిబిరాలూ, గుడారాలే కళ్లముందు కదులుతాయి. శుభ్రంగా ‘ఎనిమిదిమంది యూదులు’ అనండి.

అసలు చిక్కు ‘ఆశ్రయం’తో. అది బాహాటంగా ఇచ్చేది. రాజాశ్రయం నలుగురికీ తెలిస్తేనే కవికి మర్యాద, తుపానొస్తే బళ్లో ఆశ్రయం కల్పించామని మైకులో చెప్తారు. అక్కడ యూదులకి సాయం చేస్తే మరణశిక్ష. 1944 మార్చి 24న జర్మన్ పోలీసులు వచ్చి దాగినవాళ్లనీ, యూజెఫ్ ఉల్మానీ, నిండు గర్భిణి అయిన విక్టోరియానీ, వాళ్ల ఆరుగురు పిల్లల్నీ కాల్చేశారు. అంత గుట్టుగా సాగాల్సిన పనికి గుట్టున్న క్రియే కావాలి, ‘దాచారు’. దాచడం వస్తువులకే అని కొందరంటారు, నేనొప్పుకోను. పోలీసులొస్తే తల్లి కొడుకుని గాదెలో దాచిందని ఏ ఊళ్లోనైనా అంటారు. ‘తలదాచుకోనిచ్చారు’ కూడా చాలదు, తలదాచుకోవడం వాన వెలిసేదాకానో తెల్లారేదాకానో, వీళ్లున్నది ఏడాదికి పైగా.

అటక సంగతి. మన అటక జాడీలూ పాత గంగాళాలూ పెట్టుకునే చోటు, వాళ్లది ఇంటికప్పు కింద మనుషులు మసలగలిగే ఇరుకు చోటు. అయినా అదే ఉంచండి, ‘మేడ’ అంటే కొంప మునుగుతుంది.

మొత్తానికి వాక్యం ఇలా రాయండి: ‘ఉల్మా దంపతులు ఎనిమిదిమంది యూదుల్ని తమ ఇంటి అటకమీద ఏడాదికి పైగా దాచారు.’

ఇంకొకటి. వాళ్లింట్లో దొరికిన బైబిల్లో, దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ణి ఆదుకున్న ‘మంచి సమరయుడి’ కథ దగ్గర ఎర్రగా గీత గీసి, పక్కన ‘తాక్’ అని రాసి ఉంది. పోలిష్‌లో ‘అవును’ అని. మీ వ్యాసంలో అది వస్తే ‘తాక్’ అనే ఉంచి అర్థం పక్కన చెప్పండి, ‘తథాస్తు’ లాంటివి మాత్రం తగిలించకండి.