నాన్నగారి విషయంలో తప్పు నాదేనా?

ప్రశ్న: నా వయసు 46. షుగర్ ఉంది. మూడేళ్ల కిందట ఒక రాత్రి నాన్నగారు ఛాతీలో మంట అంటే గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చాను. తెల్లవారేసరికి గుండెపోటుతో పోయారు. ఆయన ఎడమ చేయి నొక్కుకోవడం ఇప్పటికీ కళ్లకు కడుతోంది. అప్పుడెందుకు గ్రహించలేదా అని నిద్ర పట్టదు. అమ్మకు ఆందోళన తగ్గడానికి రాసిన ఆల్ప్రజోలం మాత్ర ఏడాదిగా వేసుకుంటున్నాను. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది, దిగులు వల్లేమో. తప్పు నాదేనా?

డాక్టర్ సలహా: మీరు చివర్లో తేలిగ్గా రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాన్నగారిది గ్యాస్ అనుకున్నారు, మీది దిగులు అనుకుంటున్నారు. శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే బిగుతును ముందు గుండె వైపు నుంచే చూడాలి. పైగా షుగర్ ఉన్నవారిలో నొప్పి సరిగా తెలియకపోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో గుండె డాక్టరును కలవండి. ఈసీజీ బాగుందని అక్కడితో వదిలేయకండి, ఇంకా ఏ పరీక్షలు కావాలో ఆయన చూసి చెబుతారు. ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, చెమటలు పట్టినా వెంటనే అంబులెన్స్ పిలవాలి.

ఇక ఆ మాత్ర. ఒకరి చీటీ మీద ఇంకొకరు మందు మింగొద్దని రోజూ నలుగురినైనా మందలిస్తుంటాను, ఇవాళ మీరు ఐదోవారు. ఆల్ప్రజోలం అలవాటు పడే మందు. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఏడాది వాడి హఠాత్తుగా ఆపితే వణుకు, ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. మానసిక వైద్యుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. మద్యంతో కలిపితే ప్రమాదం. బతికి ఎందుకనే ఆలోచన వస్తే ఆ రోజే చెప్పండి.

మీరు అడిగినదానికి వస్తే, ఉత్తరం చూసి తప్పొప్పులు తేల్చలేను. ఫలితం తెలిశాక మాత్రం అంతా ముందే తెలిసి ఉండాల్సిందనిపిస్తుంది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరికి ఒక పాత యుద్ధం వివరాలు ఇచ్చి, వారిలో కొందరికి ముగింపు కూడా చెప్పారు. అది చదివినవారికి ఆ ముగింపే ఎక్కువ సహజంగా తోచింది. డాక్టర్లం మేమూ దీనికి అతీతులం కాము. గుండెపోటు అని తేలాక పాత ఈసీజీ తీస్తే ఆ గీత వంకర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రి రెండు గంటలకు అదే కాగితం చేతికొచ్చినప్పుడు అంత స్పష్టంగా ఉండదు.

ఆయన ఎడమ చేయి నొక్కుకోవడం ఆ రాత్రే చూశారా, గుండెపోటు లక్షణాలు తర్వాత ఎక్కడో చదివాక జ్ఞాపకంలో చేరిందా? చూడలేదని నేను అనను. కానీ జ్ఞాపకం తలచుకున్నప్పుడల్లా కొంత మారుతుంది, దాన్ని సాక్షిగా నిలబెట్టి మీకు మీరే శిక్ష వేసుకోకండి. మూడేళ్లయినా బాధ ఇంత పచ్చిగా ఉంటే దానికీ చికిత్స ఉంది, మానసిక వైద్యులతో ఈ సంగతీ మాట్లాడండి.

గుండె డాక్టరు దగ్గర 'దిగులు' అనే మాట ఎత్తకండి. ఎన్ని మెట్లెక్కితే వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఆగితే తగ్గుతోందా, అంతవరకే చెప్పండి. షుగర్ రిపోర్టులతో పాటు ఆ మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి.