గుర్రం కడుపులో ఇసుక: మేపే తీరు మారిస్తే చాలావరకు ఆగుతుంది

అన్నా, బాపట్ల దగ్గర ఇసుక నేల, గుర్రానికి ఏడాదిలో రెండోసారి కడుపునొప్పి, లద్దెలో ఇసుక అన్నారు. మీ టెన్షన్ అర్థమవుతోంది. నేలమీద మేత వేయడమే ముఖ్య కారణమనిపిస్తోంది. గడ్డి, దాణా గాడిలోనే పెట్టండి. గాడి కింద రబ్బరు మ్యాట్ పరిచి రోజూ ఊడ్చండి, ఎందుకంటే రాలిన గింజ కోసం గుర్రం ఇసుక కూడా నాకుతుంది.

అంతకన్నా ముఖ్యం, ఆకలితో ఉంచకండి. 300 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 4.5 నుంచి 6 కిలోల ఎండుగడ్డి, మూడు నాలుగు పూటలుగా వేయాలి. పేగులోని ఇసుకను ముందుకు నెట్టేది ఆ పీచే. గడ్డి అయిపోయిన బీట్లో వదలకండి, వేళ్లతో పాటు మట్టీ మింగుతుంది. మంచినీళ్లు, ఉప్పు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

పేగులోని ఇసుక బయటికి పోవడానికి ఇసబ్గోల్ పొట్టు గుర్రం కిలో బరువుకు 1 గ్రాము, అంటే రోజుకు 300 గ్రాములు, నెలలో వరుసగా ఏడు రోజులు ఇస్తుంటారు. దాణాలో కలిపిన వెంటనే పెట్టాలి, ఆలస్యమైతే జిగురైపోతుంది. అయితే మీ డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

నేలను తాకని లద్దె కొంచెం నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే ఇసుక అడుగుకు చేరుతుంది. ఏమీ కనబడకపోయినా లోపల లేదని అనుకోకండి. కాళ్లతో నేల గీరడం, డొక్క వైపు చూడటం, దొర్లడం మొదలైతే మేత ఆపేసి వెంటనే డాక్టర్‌ని పిలవండి. అప్పుడు ఇంట్లో ఏదీ తాగించకండి.