ట్యాబ్‌లో సన్నతీగ పైకెందుకు వచ్చింది?

ప్రశ్న: మాస్టారూ, చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. వర్ణాల దాకా వచ్చి ఆగిపోయింది. మా అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ గిటారును, దాని పుస్తకాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లాడు. పుస్తకంలో ఆరు గీతల మీద అంకెలు, పక్కన నిలువు గళ్ల బొమ్మలు. ఒకచోట 3 అంటే ఒక అర్థం, ఇంకోచోట మరో అర్థంలా ఉంది. ఒళ్లో పెట్టుకుంటే పైన కనిపించే లావుతీగ కాగితం మీద అడుగున ఉంది. ఎలా చదవాలి?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ రెండు బొమ్మలూ గిటారును రెండు వైపుల నుంచి చూసి గీసినవి. మీ తికమకంతా అక్కడే ఉంది. తిరుపతిలో మా మేడ మీదికి పాఠానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు గిటారు చేతికివ్వను. మెడ ఎడమవైపు ఉండేలా చాప మీద వెల్లకిలా పెట్టించి, పక్కన ట్యాబ్ కాగితం, అంటే మీరు చెప్పిన ఆరు గీతల అంకెలది, పరుస్తాను. లావుతీగ మనకు దగ్గరగా, సన్నతీగ దూరంగా కనిపిస్తాయి. కాగితంలోనూ అంతే: అడుగు గీత లావుతీగ, పై గీత సన్నతీగ.

మీరు చెప్పిన నిలువు గళ్లవి కార్డ్ బొమ్మలు. కార్డ్ అంటే కొన్ని స్వరాలను కలిపి మోగించే పట్టు. ఈ బొమ్మకైతే గిటారును గోడకు నిలబెట్టి ఎదురుగా కూర్చోండి. నిలువు గీతలు తీగలు, లావుది ఎడమ చివర. అడ్డగీతలు ఫ్రెట్ కమ్మీలు, అంటే వీణ మెట్ల లాంటివి. పైన మందంగా ఉన్న గీత నట్, అంటే మెడ చివర తీగలు ఆనుకునే పట్టీ.

ఇక అంకెలు. ట్యాబ్‌లో 3 అంటే నట్ నుంచి లెక్కిస్తే మూడో ఫ్రెట్, 0 అంటే నొక్కని తీగ. కార్డ్ బొమ్మలో చుక్క లోపలి 3 అంటే ఉంగరపు వేలు. చూపుడు వేలు 1, మధ్యవేలు 2, చిటికెన వేలు 4. వీణకు మీరు ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్లతోనే నడిపించి ఉంటారు. ఇక్కడ మిగిలిన రెండు వేళ్లకూ పని పడుతుంది. బొమ్మ పైన సున్నా ఉంటే ఆ తీగను నొక్కకుండా మోగించాలి, ఇంటూ గుర్తు ఉంటే మోగించకూడదు.

ఇక్కడి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకునే పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తారు. వాళ్లకు ట్యాబ్ పరిచయం చేసేది మాయామాళవగౌళ రాగంతోనే. వీణకు లాగే గిటారుకూ స్థాయికి పన్నెండు మెట్లు. ఏదైనా ఒక తీగను షడ్జమం (స) అనుకుంటే ఆరోహణ 0, 1, 4, 5, 7, 8, 11, 12. అదే ట్యాబ్! అంతర గాంధారం నాలుగో ఫ్రెట్ మీద, పంచమం ఏడో దాని మీద. అంత దూరం చెయ్యి జరపడం కష్టమైతే నాలుగో తీగ మీద 0, 1, 4, 5 వాయించి, మూడో తీగ మీద 2, 3, 6, 7 అందుకోండి. సన్నతీగ ఒకటోది, అక్కడి నుంచి లెక్క. మీకు కంఠతా వచ్చిన సరళీ వరుసలను ఇలా మీ చేతితోనే ఆరు గీతల మీద రాసుకోండి. ఏ పుస్తకమూ ఇంత త్వరగా ట్యాబ్ నేర్పదు.

ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉన్న అంకెలను కలిపి మీటాలి. మామూలుగా టైపు చేసిన ట్యాబ్‌లో కాలం ఉండదు, అది పెద్ద లోపమే. మన స్వరలిపిలో కామా పెడితే ఒక అక్షరం, సెమికోలన్ పెడితే రెండు అక్షరాలు సాగుతాయి కదా, ఆ సౌకర్యం ఇందులో లేదు. అందుకే పాట ముందుగా చెవికి పట్టాలి. అంకెల కింద తాళం గుర్తులు మీరే వేసుకోండి.

కార్డ్స్‌లో మొదట సి మేజర్ పట్టండి. ఎడమ నుంచి ఇంటూ, 3, 2, 0, 1, 0. ఇవి ఫ్రెట్ అంకెలు. ఐదో తీగ మీద ఉంగరపు వేలు, నాలుగో దాని మీద మధ్యవేలు, రెండో దాని మీద చూపుడు వేలు. కమ్మీ మీద కాక, దానికి నట్ వైపు కాస్త వెనుక నొక్కాలి. అక్కడి నుంచి ఎ మైనర్‌కు వెళ్లడానికి చూపుడు, మధ్య వేళ్లు కదలనక్కర్లేదు. ఉంగరపు వేలొక్కటే మూడో తీగ రెండో ఫ్రెట్‌కు వస్తుంది. ఈ మార్పు తాళం తప్పకుండా వచ్చేవరకు మూడో కార్డ్ జోలికి వెళ్లకండి.