తెల్లవారుజామున 3 గంటలకు పాపను ఎక్కడ పడుకోబెడతారు?

మీ 2 నెలల పాప చీర ఉయ్యాలలో తప్ప ఎక్కడా నిద్రపోవడం లేదని, మంచం మీద వేయగానే లేచి ఏడుస్తోందని, అందుకే రాత్రంతా భార్యాభర్తలు వంతులవారీగా ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంటున్నారని రాశారు. ఆ చివరి మాట చదివాక ఊరుకోలేక ఈ జవాబు రాస్తున్నాను. 2021 వేసవిలో మేమూ సరిగ్గా ఇదే స్థితిలో ఉన్నాం.

మా బాబు 36వ వారంలోనే పుట్టాడు. బరువు 2 కిలోల 150 గ్రాములు. ఆపరేషన్ కాన్పు కావడంతో మా ఆవిడ వంగి లేవడానికి ఇబ్బంది పడేది, కాబట్టి రాత్రి కాపలా నాది. విజయవాడలో అత్తగారింట్లో దూలానికి పాత నేతచీరతో ఉయ్యాల కట్టారు. అందులో వేసి నాలుగు ఊపులు ఊపితే చాలు, వాడు నిద్రలోకి జారుకునేవాడు. మూడో నెలలో హైదరాబాద్‌లో మియాపూర్‌లోని మా ఫ్లాటుకు వచ్చాం. అక్కడ దూలమూ లేదు, కొక్కెమూ లేదు. పరుపుకు వీపు తగలగానే రెండు చేతులూ పైకి ఎగరేసి ఉలిక్కిపడి లేచేవాడు.

అయిదో రాత్రి పాలు పట్టి, త్రేనుపు రావాలని భుజాన వేసుకుని సోఫాలో వెనక్కి వాలాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి భుజం ఖాళీగా ఉంది. బాబు నా మోచేతికీ సోఫా మెత్తకూ మధ్య సందులోకి జారిపోయి, ముఖం మెత్త వైపు తిప్పి ఉన్నాడు. చటుక్కున ఎత్తుకోగానే గుక్కపెట్టి ఏడ్చాడు. చెంప మీద సోఫా గుడ్డ నేత అచ్చు ఎర్రగా పడి ఉంది. గడియారంలో మూడుంబావు. నేను మరో పావుగంట నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

మర్నాడు పిల్లల డాక్టరు గారు చెప్పిన మొదటి మాట: పసిబిడ్డతో కునుకు తీయడానికి మంచం కంటే కూడా సోఫా ప్రమాదం. నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టిన పిల్లలను మన పరుపు మీద పక్కలో వేసుకోవడం కూడా మంచిది కాదు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో సవరించిన సూచనలు కూడా ఇదే చెబుతాయి. కనీసం 6 నెలల దాకా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే ఉండాలి, కానీ వేరే పక్క మీద, వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉండే పరుపు మీద పడుకోవాలి. పిల్లలను బోర్లా పడుకోబెట్టవద్దని ఆ దేశంలో 1992లో చెప్పడం మొదలుపెట్టాక, పదేళ్లలో నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

అప్పటివరకు నేను వాడు ఎక్కడ పడుకుంటాడా అని వెతికాను. ఆ రోజు నుంచి, నాకు ఒళ్లు తెలియని నిద్ర ముంచుకొచ్చినా వాడికి ఏమీ కాని చోటు ఏదని వెతికాను. మీరూ ఆ చోటును ముందు సిద్ధం చేసుకోండి. పాపకు అలవాటు చేయడం ఆ తరువాతి పని.

మేము మా మంచానికి చేతికందే దూరంలో ఉండేలా వడ్రంగితో చిన్న మంచం చేయించాం. ఆయన చుట్టూ కమ్మీలు 4 అంగుళాల ఎడంతో బిగించి తెచ్చాడు. ఆ ఎడం 6 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే బిడ్డ ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ డబ్బా తెచ్చి కమ్మీల మధ్య పెట్టి చూపించాను. అవతలికి దూరిపోయింది, అంటే ఎడం ఎక్కువైనట్టే. పాపం ఆయన ఒక్క మాట అనకుండా పట్టుకెళ్లి, మళ్లీ దగ్గర దగ్గరగా కొట్టి తెచ్చాడు. దూదిపరుపు గుంట పడుతుందని, కొలత ఇచ్చి కొబ్బరిపీచు పరుపు చేయించాం. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరకూడదు. దాని మీద బిగుతుగా పరిచిన నూలు దుప్పటి తప్ప బొంత, బొమ్మ, దిండు ఏవీ ఉంచలేదు. వడ్రంగి ఖర్చు ఎందుకనుకుంటే గోడకు, సామానుకు దూరంగా నేల మీద చాప, దాని మీద పలుచని గట్టి పరుపు వేసినా సరిపోతుంది. దోమతెర మాత్రం పాప ముఖం మీదికి వేలాడకుండా బిగించి కట్టండి.

అలవాటు కావడానికి మాకు 10 రోజులు పట్టింది. మొదట పొద్దుటి నిద్ర ఒక్కటే అక్కడ. దించేటప్పుడు ముందు పాదాలు, తరువాత నడుము, వీపు, చివరికి తల ఆనించేవాణ్ణి. ఆనించాక చేయి తీసేయకుండా, వాడి రెండు చేతులనూ రొమ్ము మీద నా అరచేతి కింద ఒక నిమిషం పట్టుకునేవాణ్ణి. ఆ ఉలికిపాటు అక్కడే అణిగిపోయేది. మొదటి మూడు రోజులు ఏడ్చాడు. ఎత్తుకుని జోకొట్టి మళ్లీ అక్కడే దించాను. ఉయ్యాలను పూర్తిగా మానమని చెప్పను. కానీ మెడ నిలవని బిడ్డకు చీరలో వీపు వంగి గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరికి అడ్డం. ఎవరైనా పక్కన కూర్చుని చూస్తూ ఊపండి. నిద్ర పట్టగానే చదునైన పక్క మీదికి మార్చండి.

పెద్దవాళ్లు ఆవాల దిండు పెట్టమంటున్నారని రాశారు. మా అత్తగారు కూడా తల గుండ్రంగా రావాలని ఎంతో ప్రేమగా కుట్టి ఇచ్చారు. ఆవిడతో వాదించలేదు. ఆ సోఫా రాత్రి జరిగింది చెప్పాను. ఆవిడే దిండు తీసి బీరువాలో పెట్టేశారు. ఏడాది నిండేదాకా దిండు అవసరం లేదు. తల చదును కాకుండా, మెలకువగా ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు సార్లు కాసేపు బోర్లా వేసి దగ్గర కూర్చోండి. రాత్రి పూట తలవైపు, కాళ్లవైపు మార్చి పడుకోబెట్టండి.

పొత్తిగుడ్డలో చుట్టడం ఇప్పటికి పరవాలేదు. పాప పక్కకు ఒత్తిగిలే ప్రయత్నం మొదలుపెట్టిన రోజే ఆపేయండి. చుట్టిన బిడ్డ బోర్లా పడితే తిరగడానికి చేతులు ఉండవు. ఈ ఎండల్లో మెడ వెనుక చేయి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక గుడ్డ తీసేయండి.

ఇవన్నీ సమకూరడానికి నాలుగు రోజులు పట్టవచ్చు. ఈ రాత్రికి మాత్రం పాలు పడుతూ కునుకు వస్తుందనిపిస్తే సోఫాలో కూర్చోవద్దు. మీ మంచం మీద దిండ్లు, దుప్పట్లు దూరంగా తీసేసి అక్కడ కూర్చోండి. మెలకువ రాగానే పాపను తన పక్క మీదికి మార్చండి. రెండో వంతు మీవారిదైతే, మీకు కునుకు వస్తుంటే అలారం మోగేదాకా ఆగకుండా ఆయన్ని ముందే లేపండి.