వెబ్‌సైట్ మనది, రికార్డులో పేరు డిజైనర్‌ది: ఏం చేయాలి?

సందేహం: మాది కాశీబుగ్గ. మావారు పోయాక నేను, మా మరిది భాగస్వాములుగా జీడిపప్పు వ్యాపారం నడుపుతున్నాం. 2018లో ఫర్మ్ పేరుతో డాట్ కామ్ వెబ్‌సైట్ పెట్టించాం. శ్రీకాకుళంలో ఒక కుర్రాడు డిజైన్ చేసి, డొమైన్ (సైటు అడ్రసు పేరు) కూడా తనే బుక్ చేశాడు. డబ్బులన్నీ ఫర్మ్ ఖాతా నుంచే వెళ్లాయి. మొన్న రెన్యువల్ గురించి అడిగితే, డొమైన్ తన పేరు మీద ఉందని, మా పేరుకి మార్చాలంటే యాభై వేలు ఇవ్వాలని అంటున్నాడు. గడువు ఇంకా రెండు నెలలే ఉంది. బయటి రాష్ట్రాల ఆర్డర్లన్నీ ఆ సైటు మెయిల్‌కే వస్తాయి. చాలా టెన్షన్‌గా ఉంది. డబ్బు ఇచ్చేయాలా?
– ఒక సోదరి, కాశీబుగ్గ

సమాధానం: యాభై వేలు ఇవ్వకండమ్మా. అలాగని అతనితో ఇవాళే గొడవ పెట్టుకోకండి. హక్కు మీ వైపు ఉంది, రికార్డు మాత్రం అతని వైపు ఉంది. మన జిల్లాలో భూమి ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుసు. అడంగల్‌లో వేరేవాళ్ల పేరు పడినంత మాత్రాన భూమి వాళ్లది అయిపోదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా లోను కోసం వెళ్తే బ్యాంకువాళ్లు ముందు చూసేది ఆ కాగితాన్నే. డొమైన్ సంగతీ అంతే. పేరు అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీ, రికార్డులో ఎవరి పేరుందో వాళ్ల మాటే వింటుంది. డబ్బు ఎవరు కట్టారో దానికి అనవసరం.

ముందు రెన్యువల్ సంగతి చూడండి. హక్కుల మాట తర్వాత. డాట్ కామ్ గడువు దాటాక మామూలు ఫీజుతో రెన్యూ చేసుకోవడానికి చాలా రిజిస్ట్రార్లు కొన్ని రోజులు అవకాశం ఇస్తాయి. ఇది గరిష్ఠంగా 45 రోజులు. పేరు డిలీట్ చేశాక మరో 30 రోజుల్లో అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే ఇంకో 5 రోజులకి ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఈలోపే సైటు, మెయిలు ఆగిపోతాయి. కాబట్టి అతని ద్వారానైనా సరే, మామూలు రెన్యువల్ ఫీజు ఫర్మ్ ఖాతా నుంచే కట్టండి. కట్టేటప్పుడు అతనికి వాట్సాప్‌లో ఇలా రాయండి: "ఫర్మ్ డొమైన్ రెన్యువల్ కోసం ఫర్మ్ తరఫున ఈ డబ్బు పంపుతున్నాం. పేరు మార్పు విషయంలో మా హక్కు వదులుకోవడం లేదు." రేపు కోర్టులో ఈ రెండు వాక్యాలు చాలా పనికొస్తాయి.

ఇక చట్టం. భాగస్వామ్య చట్టం, 1932లో సెక్షన్ 14 ప్రకారం, వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, ఫర్మ్ డబ్బుతో కొన్న ఆస్తి ఫర్మ్ కోసం కొన్నట్టే లెక్క. ఆ కుర్రాడు మీ పని మీద, మీ డబ్బుతో డొమైన్ బుక్ చేశాడు, అంటే మీ ఏజెంటుగా చేశాడు. ఏజెంటు ఆ హోదాను వాడుకుని సొంతానికి సంపాదించుకున్న లాభం యజమానికే చెందాలని ట్రస్టుల చట్టం, 1882 సెక్షన్ 88 చెబుతుంది. డొమైన్ పేరు ఉత్త ఇంటర్నెట్ అడ్రసు కాదని, ట్రేడ్‌మార్కులాగే రక్షణ పొందగల వ్యాపార ఆస్తి అని సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో తేల్చింది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. అతనికి డిజైన్ బిల్లు గానీ, నిర్వహణ డబ్బులు గానీ బాకీ ఉన్నారా? ఉంటే ముందు అవి తీర్చి రసీదు తీసుకోండి. తనకు రావాల్సింది వచ్చేదాకా యజమాని ఆస్తిని ఆపి ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 221 ఏజెంటుకి ఇస్తుంది. బాకీ ఏమీ లేదంటే ఆ యాభై వేలకి ఆధారమే లేదు.

తర్వాత లాయరు నోటీసు ఇప్పించండి. దానికి 2018 నాటి చెల్లింపులు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటు, అతనిచ్చిన బిల్లు, వాట్సాప్ సంభాషణలు కావాలి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక. యాభై వేలు అడిగింది ఫోన్‌లో నోటిమాటగానే అయితే, మెసేజ్‌లో మళ్లీ అడిగి రాతలో జవాబు వచ్చేలా చూసుకోండి.

నోటీసుకి లొంగకపోతే శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీ కోసం దరఖాస్తు పెట్టండి. మహిళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. హెల్ప్‌లైన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం. నా ఉద్దేశంలో మీ తగాదాకి ఇదే సరైన చోటు. అప్పటికీ వినకపోతే సివిల్ దావా, డొమైన్‌ని ఎవరికీ అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్. మీ ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే మాత్రం ఈలోపే చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ కాంట్రాక్టు హక్కు కోసం బయటివాళ్ల మీద దావా వేయడానికి భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 అడ్డు. డొమైన్ తగాదాలు తీర్చే యూడీఆర్‌పీ అనే అంతర్జాతీయ మధ్యవర్తిత్వం గురించి ఎవరైనా చెబితే తొందరపడకండి. ఒక్క సభ్యుడి ప్యానెల్‌కే ఫీజు 1,500 డాలర్లు. పైగా మొదట్లో మీ అనుమతితోనే బుక్ చేశాడు కాబట్టి, దురుద్దేశంతో రిజిస్టర్ చేశాడని అక్కడ రుజువు చేయడం కష్టం.

పోలీసు స్టేషన్‌కి ఇప్పుడే వెళ్లొద్దు, ఇది సివిల్ తగాదా. కానీ మీ మెయిల్ కూడా అతని చేతిలోనే ఉందని మరిచిపోకండి. మీ పేరుతో ఎవరైనా కొత్త బ్యాంకు ఖాతా నంబరు పంపి అడ్వాన్సు వేయమంటే మీ కొనుగోలుదారులు నమ్మేస్తారు. ఖాతా వివరాలు మారాయని మెయిల్ వస్తే మీకు ఫోన్ చేసి అడక్కుండా డబ్బు వేయొద్దని పెద్ద పార్టీలన్నిటికీ ఇవాళే చెప్పండి. అలాంటిది జరిగితే అది నేరమే. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పేరు మారే రోజున రికార్డు ఎలా నింపాలో కూడా చెబుతాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సంస్థ అనే గడిలో ఫర్మ్ పేరు డీడ్‌లో ఉన్నట్టే అక్షరం పోకుండా ఉండాలి. ఆ గడి నింపితే హక్కుదారుగా సంస్థనే లెక్కిస్తారు. మీ పేరో మరిది గారి పేరో ఒక్కటే పెడితే రేపు ఇంట్లోనే ఇంకో తగాదా. మెయిల్ ఐడీ మాత్రం అదే డొమైన్‌ది ఇవ్వకండి. డొమైన్ ఆగిన రోజు ఆ మెయిలూ ఆగుతుంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా రాదు. ఫర్మ్ కోసం విడిగా జీమెయిల్ తెరిచి, మీ ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. రిజిస్ట్రార్ దగ్గరి లాగిన్ ఖాతా కూడా మీ చేతికి రావాలి. పేరు మార్చి ఖాతా అతని దగ్గరే వదిలేస్తే సగం పనే అయినట్టు. మెయిల్ సరైనదేనా అని రిజిస్ట్రార్ పంపే లింకుని 15 రోజుల్లోపు నొక్కకపోతే సైటు ఆగిపోవచ్చు. వివరాలు సరిగ్గా ఉన్నాయా అని ఏటా ఒక మెయిల్ వస్తుంది, దాన్ని తెరిచి చదవండి. కావాలని తప్పుడు వివరాలు ఇస్తే డొమైనే రద్దు కావచ్చు. పేరు మారాక 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కి మార్చనివ్వకపోవచ్చు, దానికి కంగారు పడకండి.

చివరగా, భాగస్వామ్య డీడ్‌కి ఒక అనుబంధం రాయించి డొమైన్ పేరు, రిజిస్ట్రార్, గడువు తేదీ, లాగిన్ ఎవరి దగ్గర ఉంటుందో అందులో చేర్చండి. భాగస్వాముల్లో ఒకరు లేకపోతే లాగిన్ ఎవరికి అందాలో కూడా అందులోనే ఉండాలి.